వంపు

టన్నుకి ఇంత అని మా కాంట్రాక్టు.
పట్టా ఊడదీయడం, కోయడం, లారీకెత్తడం.
చరిత్రకి రేటు కట్టలేదెవరూ.

విస్కాన్సిన్‌లో అక్టోబరు. గడ్డి మోకాళ్లు దాటింది.
ముప్పై మైళ్ల రైలుదారి,
కంచె లోపలే పుట్టి కంచె లోపలే చచ్చింది.
ఒక్క టిక్కెట్టూ అమ్మలేదు,
ఒక్క చుట్టాన్నీ దింపలేదు.
మట్టి కప్పుకున్న బంకర్లు
బోర్లించిన గిన్నెల్లా ఉన్నాయి కనుచూపు మేర.
వాటి మధ్య ఎవరివో ఆపిల్ చెట్లు, ఇంకా వరస తప్పకుండా.
కాయలు జింకలకి.

వెర్లిన్ క్రాట్జ్ రోజూ వస్తాడు, ఎవరూ పిలవకుండానే.
ఎనభై మూడేళ్లు, మడత కుర్చీ, థర్మాస్.
ఇదే దారి మీద బ్రేక్‌మన్‌గా చేశాడట
పంతొమ్మిదేళ్లప్పుడు.

"నిప్పు లేనిదే పొగ రాదంటారే,
మా ఇంజనుకి నిప్పూ లేదు, పొగా లేదు" అంటాడు.
బాయిలర్ కొట్టు దగ్గర గొట్టం తగిలించి
పసిదానికి పాలు పట్టినట్టు ఆవిరి పట్టించేవాళ్లట.
అది అయిపోయేలోగా తిరిగి రావాలి.
ఒక ఫిబ్రవరి రాత్రి రాలేకపోయారు.
వెనక నాలుగు బోగీల మందుగుండు,
ముందు చల్లారిపోయిన ఇనుము.
అగ్గిపెట్టెలు గేటు దగ్గరే లాక్కున్నారు కదా,
తెల్లారేదాకా ఇద్దరూ
ఒకరి చేతులొకరు రుద్దుకుంటూ కూర్చున్నారు.

నేను కట్టర్ ఆపను. అతను చెప్పడం ఆపడు.

మందు నింపే షెడ్డులో ఆడపిల్లలు.
జడపిన్నులొద్దు, ఉంగరాలొద్దు, మేకులున్న బూట్లొద్దు.
చేతులు మాత్రం పచ్చగా మారేవి,
పసుపు దంచినట్టు, మోచేతుల దాకా.
అల్డీన్ అనే పిల్ల శనివారం డాన్సుకొచ్చి
ఇతని తెల్లచొక్కా భుజమ్మీద చెయ్యేసింది.
నాలుగు వేళ్ల ముద్ర, ఎన్ని ఉతుకులకీ పోలేదు.
అమ్మ ఆ చొక్కా పొయ్యిలో వేసింది.
ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు ముసలాయనకి.

తొమ్మిదో మైలు దగ్గర పట్టా వంగింది.
బల్లపరుపు నేల. గుట్ట లేదు, వాగు లేదు.
తాగి గీసినట్టు ఒక వంపు,
మళ్లీ బుద్ధిగా తిన్నగా.
కట్టర్ ఆపి అడిగాను, ఇదేంటని.
నేనడగడం అదే మొదలు.

థర్మాస్ మూత బిగించాడు.
బిగించిందే మళ్లీ బిగించాడు.

నలభై రెండులో సర్కారు కాగితం వచ్చింది, ముప్పై రోజుల గడువని.
గున్‌హిల్డ్ రోవాంగ్ ఆవుల్ని అమ్మేసింది,
కొట్టం ఇచ్చింది, నూర్చని గోధుమలతో సహా పొలమిచ్చింది.
ఆఖర్న వంటింటి కుర్చీ ఒకటి తెచ్చి
ఇక్కడ వేసుకుని కూర్చుంది.
కుర్చీ కింద ఆమె కూతురు,
ఆరేళ్ల కిందట గొంతువాపుతో పోయిన పిల్ల.
మూడు రోజులు లేవలేదు.
సర్వే కుర్రాడొకడు, పేరెవరికీ గుర్తులేదు,
మూడోనాడు రబ్బరుతో గీత చెరిపి, వంచి గీశాడు.
కారణం అని ఉన్న చోట రాశాడట:
మెత్తని నేల.

మూడున్నరేళ్లు, ప్రతి బాంబూ
ఆ పిల్లని తప్పుకునే వెళ్లింది.
అవి వెళ్లి పడ్డ చోట
ఎవరెవరు కుర్చీలు వేసుకున్నారో,
ఎవరు గీత వంచారో...
వెర్లిన్ దాని గురించి మాట్లాడడు.
కాఫీ చల్లారిపోయిందన్నాడు.

వంగిన పట్టాలు లారీలో సరిగా పేరవు.
విడిగా పెట్టి, తాడు కట్టి, పూటంతా పట్టింది.
స్లీపర్లు తీసేశాక కూడా కంకర మీద
వంపు అలాగే ఉంది,
గడ్డి కూడా దాన్ని చూసే పక్కకి జరిగి మొలిచింది.

సాయంత్రం మేస్త్రీకివ్వాల్సిన కాగితంలో
ఆలస్యానికి కారణం అని ఒక గడి ఉంటుంది.
పెన్ను కాసేపు పట్టుకుని కూర్చుని
రాశాను:
మెత్తని నేల.